ఏడు పాయింట్ ఐదు, నలభై ఏడు

పోయిన నెల పాయా లేబర్‌లోని ఒక క్లినిక్‌లో కుర్ర డాక్టరు నా ఎక్స్‌రేని వెలుగుకు పెట్టి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. మళ్ళీ ఎక్స్‌రే చూశాడు. భుజం నొప్పి అని వెళ్ళినదాన్ని. ఆయన మొహం మాత్రం తవ్వకాల్లో పాత కోట బయటపడినంత గంభీరంగా ఉంది.

"ఆంటీ, మీ కాలర్ బోన్ ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. రెండు పక్కటెముకలు కూడా. ముక్కు సంగతి ఎక్స్‌రే లేకుండానే తెలుస్తోంది. యాక్సిడెంటా?"

"కాదు బాబూ, మార్కుల కోసం," అన్నాను.

పక్కనున్న మా అమ్మాయి ఫోను మీంచి తలెత్తింది. "మా, డోంట్ బ్లఫ్ లా. ఎగ్జామ్ హాల్లో ఎవరికైనా బోన్ విరుగుతుందా?"

వుడ్‌ల్యాండ్స్‌కి తిరిగొచ్చే రైల్లో ఆ పిల్ల మళ్ళీ ఫోనులోకి వెళ్ళిపోయింది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మా స్టేషను దగ్గర పడుతుండగా రైలు సరిగ్గా నా ఎముకలు విరిగిన చోటి మీదుగా పోతుంది. ఈ సంగతి రైల్వే వాళ్ళకు తెలియదు.

మా చిన్నప్పుడు వుడ్‌ల్యాండ్స్ అంటే రబ్బరు చెట్ల మధ్య ఎవరో దించి మర్చిపోయిన పది అంతస్తుల డబ్బాలు. మాది మూడో అంతస్తు. ఒకవైపు సముద్రం మీదుగా మలాయాకు పోయే జొహోర్ కట్ట మీద లారీల వరస, ఇంకోవైపు కంపోంగ్ రేకుల కప్పులు కనిపించేవి. కంపోంగ్ అంటే మలయ్‌లో పల్లె. గాలి ఉత్తరం నుంచి వీస్తే రబ్బరు పొగ వాసన, దక్షిణం నుంచి వీస్తే పందుల దొడ్డి వాసన, గాలి ఆగిపోతే మా అమ్మ ఎండు చేపల వేపుడు వాసన. మూడింటిలో చివరిదే బలమైనది. దాని మీద బట్టలు ఆరేసుకోవచ్చు.

మా తాతలు విశాఖపట్నం వైపు నుంచి మలాయా రబ్బరు తోటలకు ఓడెక్కినవాళ్ళు. నాన్న షిప్‌యార్డు స్టోర్సులో గుమాస్తా. ఒక్క మర మేకు అదనంగా పోయినా ఆ రాత్రి అన్నం ముట్టని మనిషి. అమ్మ తోట బడిలో తెలుగులో అయిదో తరగతి దాకా చదివింది. ఆరో తరగతికి వెళ్ళాల్సిన ఏడు ఆమె చేతికి రబ్బరు చెట్టు గీసే కత్తి ఇచ్చారు. ఆ కత్తిని తర్వాత ఎప్పుడో వదిలేసింది గాని, ఆ చూపు వదల్లేదు.

ఇంట్లో ఆమె ఆయుధం అట్లకాడ. వంటింట్లోంచి విసిరితే హాలు దాటి, కారిడారు దాటి, మెట్ల మలుపులో తిరిగి మరీ నా వీపుకు తగిలేది. విసిరితే వెనక్కి వచ్చే ఆయుధం ఒకటి ఆస్ట్రేలియాలో ఉందని తర్వాత తెలిసింది. మా అమ్మ అట్లకాడ కూడా వెనక్కి వచ్చేది. నేనే తీసుకెళ్ళి ఇవ్వాలి.

ఆ ఏడు నాది ఆరో తరగతి. ఈ దేశంలో ఆరో తరగతి పరీక్ష అంటే పెళ్ళీ చావూ కాక మనిషికి జరిగే మూడో సంగతి. మిగతావి ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని గాని, లెక్కల్లో భాగహారం దగ్గర నా బుర్ర తలుపు వేసేసుకునేది. అమ్మ తీర్పు ముందే చెప్పేసింది.

"ఈ పరీచ్చ పోయిందనుకో, నిన్ను విశాపట్నం మీ మేనత్త కాడికి పంపించేస్తాను. ఆవిడే దార్లో పెడద్ది."

మేనత్తను నేను చూడలేదు. ఫొటో చూశాను, ఫొటోలోంచే నన్ను నిలబడమన్నట్టుంది. ఆమె ఒకసారి దగ్గితే మూడు వీధుల అవతల గేదెలు పాలు బిగబట్టాయని నాన్నే, సొంత తమ్ముడే, చెప్పాడు. ఆ ఏడంతా నాకున్న భయం అదొక్కటే. పరీక్ష పోతే ఈ ఇల్లు, ఈ కారిడారు, ఈ మూడు వాసనలు అన్నీ పోతాయి.

ఇలాంటి పిల్ల చదువుకోవాలి. నేను దొర తాత దగ్గర చేరాను.

కంపోంగ్‌కీ, విదేశీ సైనికుల క్వార్టర్లకీ మధ్య ఎర్రమట్టి మైదానం ఒకటి ఉండేది. దాని అంచున రేకుల ఇంట్లో ఒక ఆస్ట్రేలియా ముసలాయన ఉండేవాడు. నౌకా స్థావరంలో బాయిలర్ల పనికి వచ్చి, ఇక్కడి చైనా ఆవిడను పెళ్ళాడి, ఆవిడ పోయాక కూడా ఇక్కడే ఉండిపోయాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు. మిట్టమధ్యాహ్నం కూడా ఆయన నీడలో నలుగురం కూర్చునేవాళ్ళం. చెవులు నలిగిన అప్పడాల్లా ఉండేవి. ముక్కు మూడు చోట్ల మలుపు తిరిగి చివరికి దారి మర్చిపోయి ఆగింది. మా పెద్దవాళ్ళకు తెల్లవాళ్ళందరూ దొరలే కాబట్టి పిల్లలకు ఆయన దొర తాత.

ఆయన దగ్గర ఒక తోలు బంతి ఉండేది. గుండ్రంగా ఉండదు, బొప్పాయిలా కోలగా ఉంటుంది. రోజూ దానికి కొబ్బరి నూనె పట్టించేవాడు. నేలకు తగిలితే అది ఏ దిక్కుకు పోతుందో దానికే తెలియదు.

ఆ ఆట ఆయన దేశంలో పుట్టిన ఫుట్‌బాల్. బంతిని కాలితో తన్నొచ్చు, చేత్తో గుద్దొచ్చు, పట్టుకుని పరిగెత్తొచ్చు, అలా పరిగెత్తేవాణ్ణి పట్టుకుని పడెయ్యొచ్చు. రెండు కొసల్లోనూ నాలుగేసి కర్రలు పాతుతారు. నడిమి రెండు కర్రల మధ్యనుంచి బంతి పోతే గోలు, దానికి ఆరు. పక్క కర్రల సందుల్లోంచి పోతే ఒకటి. అన్నిటికంటే గొప్పది మార్కు. ఎవరో తన్నిన బంతిని నేల తాకకముందే గాల్లో పట్టుకుంటే అది మార్కు. పట్టినవాళ్ళ జోలికి ఎవరూ రాకూడదు, తీరిగ్గా గురి చూసి తన్నుకోవచ్చు. ఆ మార్కు కోసం ముందున్నవాడి వీపు మీద మోకాలు పెట్టి ఎక్కినా తప్పు లేదు.

ఈ చివరి మాట వినగానే నా పుట్టుక దేనికో నాకు అర్థమైంది.

మొదటి రోజే ఏడు మార్కులు పట్టాను. చెవి తెగింది, పెదవి కాకరకాయంత వాచింది, గౌను వెనక భాగం ఎవరి చేతిలోనో ఉండిపోయింది. ఇంటి గుమ్మంలో అమ్మ అట్లకాడతో నిలబడి ఉంది.

"ఏటే ఇది? ఎవుడితో దెబ్బలాడేవు?"

నేను నిజమే చెప్పాను. నా పెద్ద అబద్ధాలన్నీ నిజంతోనే మొదలయ్యాయి. "దొర తాత దగ్గర ఏడు మార్కులొచ్చాయమ్మా."

అట్లకాడ గాల్లో ఆగింది.

"మార్కులా? నీకా?"

"ఆ."

"పదికి ఏడా?"

మొత్తం ఎంతకని ఆయన చెప్పలేదు గనక తల ఊపాను.

"మరి రగతమేటి?"

"తప్పు చేస్తే అక్కడ అలాగే ఉంటుంది."

అమ్మ మొహం విచ్చుకుంది. ఎదురు ఫ్లాట్లోని తమిళ ఆంటీకి కూడా వినపడేలా అంది, "ఇన్నాళ్ళకి దీనికో మేస్టారు దొరికేడు."

ఆ రోజు నుంచి నేను సాయంత్రాలు ట్యూషనుకు వెళ్ళేదాన్ని. అమ్మ నా దెబ్బలను బట్టి పాఠాలు లెక్కపెట్టుకునేది. మోకాలి చిప్ప లేచిపోతే భిన్నాలు. పక్కటెముకలు కమిలితే దశాంశాలు. ముందు పన్ను ఊడిన రోజున, "ఇది భాగారం అయ్యుంటాది," అని తనే అనుకుని పసుపు అద్దింది. ఆరు మార్కులు, ఎనిమిది మార్కులు, తొమ్మిది మార్కులు అని నేను రోజూ పూర్తి నిజాయితీతో చెబుతున్నాను. స్కూల్లో మాత్రం ఎందుకు పెరగడం లేదని అడిగితే, "స్కూలు వాళ్ళు కొట్టడం లేదమ్మా," అన్నాను. ఆమెకు అది సబబుగానే తోచింది.

ఒకరోజు గురువుగారికి కృతజ్ఞతలు చెప్పుకోవాలని నాలుగు గిన్నెల టిఫిను క్యారియరుతో బయల్దేరింది. చేపల పులుసు, సంబల్ అనే ఇక్కడి మిరపకారం, అన్నం, గోంగూర. అదృష్టం కొద్దీ మేం ఇంకా ఆట మొదలుపెట్టలేదు. అమ్మకు ఇంగ్లిషు రాదు, ఆయనకు తెలుగు రాదు. మధ్యలో నేనున్నాను.

"అయ్యా, మా గుంట వొట్టి మొండిది. మీరు మొగమాటం పడకండి, కొట్టండి. కళ్ళు రెండూ ఉంచితే సాలు, మిగతాదంతా మీ ఇష్టం."

"మీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అమ్మ అడుగుతోంది," అన్నాను దొరతో.

"చచ్చిన గుర్రంలా ఉందని చెప్పు," అన్నాడు ఆయన.

"అలాగే, తప్పకుండా కొడతారటమ్మా."

దొర నా తల మీద చెయ్యి వేశాడు. "మీ అమ్మకు చెప్పు. ఈ పిల్లలో మంచి ఊరకుక్క ఉంది." ఆయన దేశంలో ఆటగాళ్ళకు ఇంతకు మించిన బిరుదు లేదు.

"ఏటంటన్నాడే?"

"విశ్వాసం గల పిల్లనట."

అమ్మ చేతులు జోడించింది. పక్కటెముకలు విరగ్గొడితే తల్లులు చేపల పులుసు తెచ్చే దేశం ఇదొక్కటేనని దొర అనుకుని ఉంటాడు.

ఆ ఆటకు నాలుగు భాగాలు. ఆయన దేశంలో భాగానికీ భాగానికీ మధ్య కమలాపండు ముక్కలు ఇస్తారట. ఇక్కడ ఆయన నిమ్మకాయ చెక్కలకు ఉప్పు రాసి ఇచ్చేవాడు. పగిలిన పెదవి మీద ఆ ఉప్పు పడితే చనిపోయిన పూర్వీకులు వరసగా కనిపించేవారు. దెబ్బలకు యూకలిప్టస్ తైలం, గొర్రె కొవ్వు కలిపి కాచిన మందు పూసేవాడు. దాని వాసనకు కంపోంగ్ కోళ్ళు ఒక వారం గుడ్లు పెట్టలేదు. ఆ మందు రాస్తూ తన కథ చెప్పేవాడు.

ఆయన పుట్టింది తోళ్ళు శుభ్రం చేసే ఊళ్ళో. పదకొండో ఏట బడి మాన్పించి తోళ్ళ కార్ఖానాలో పెట్టారు. పదిహేడో ఏట జట్టులో చేరాడు. మొదటి ఆటలోనే నాలుగు పళ్ళు రాలాయి. వాటిని అగ్గిపెట్టెలో వేసి తీసుకెళ్ళి తల్లి చేతికిస్తే, ఆవిడ లెక్కపెట్టి, మిగతావి జాగ్రత్త అని చెప్పి వంటకు లేచిందట. బూట్ల అడుగున తోలు పట్టీలు మేకులతో కొట్టి ఉండేవి. ఎవరి వీపైనా చూస్తే వాడి మీద ఎందరెక్కారో లెక్క తెలిసేదట. మగవాళ్ళ కంటే ప్రమాదం చూడవచ్చిన ఆడవాళ్ళతో. టోపీలకు గుచ్చుకునే జానెడు సూదులు తీసి, గీత దగ్గరకు వచ్చిన ఎదుటి జట్టువాణ్ణి పొడిచేవారు. బంతి అటు వెళితే తెచ్చేందుకు వీరులెవరూ ముందుకు వచ్చేవారు కారట. వానాకాలంలో ఒకడు మొదటి భాగంలో బురదలో మునిగి మూడో భాగంలో తేలాడట. ఆట అయ్యాక ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళను రాళ్ళతో రైలు స్టేషను దాకా సాగనంపేవారట. అంతమంది మధ్య ఆయన ఎగిరేవాడు. ఒక్క ఆటలో ఆయన పట్టిన మార్కులు ఎక్కువలో ఎక్కువ తొమ్మిది.

"మరి ఎందుకు మానేశారు తాతా?"

"ఒకేసారి ఆరుగుర్ని పడగొట్టాను. బతికినంత కాలం ఆడొద్దని పంపేశారు."

తర్వాతి వారం ఆ ఆరుగురు తొమ్మిదిమంది అయ్యారు. నెల తిరిగేసరికి ఒక పోలీసు గుర్రం కూడా కలిసింది. మాకు గుర్రమే నచ్చింది.

నన్ను పట్టించింది గుర్రం కాదు, నోటుబుక్కు. ఆటల స్కోరు రాయడం నా పని. ముందు గోల్స్, చుక్క, తర్వాత ఒంటి పాయింట్లు, చివర మొత్తం. ఏడు గోల్స్, ఐదు ఒకట్లు అయితే 7.5, పక్కన 47. ట్యూషను నోటుబుక్కు అని అమ్మ దాన్ని దేవుడి పటం దగ్గర పెట్టేది. ఒక శనివారం మధ్యాహ్నం నాన్న దాన్ని తెరిచాడు.

"ఒలే, ఇలారా. ఏడు పాయింట్ ఐదు ఎంత?"

"నలభై ఏడు."

"నాలుగు పాయింట్ పదకొండు?"

"ముప్పై ఐదు."

"తొమ్మిది పాయింట్ రెండు?"

"యాభై ఆరు."

జన్మలో ఒక లెక్కకు అంత వేగంగా జవాబు చెప్పలేదు. నాన్న కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. స్టోర్సులో ముప్పై ఏళ్ళుగా కాపాడుకొచ్చిన దశాంశాలు ఆయన కళ్ళముందే చచ్చిపోతున్నాయి.

"మా యార్డులో ఇలగ లెక్కేస్తే ఓడ నీళ్ళలోకి కాదు, కొండెక్కుద్ది. ఎవుడే నీకిది నేర్పింది?"

"దొర తాత."

"సాయంత్రం నేనొచ్చి మాటాడతాను."

ఆ సాయంత్రం ఆట ఉంది. సైనికుల క్వార్టర్ల పిల్లలతో. ఏడాదంతా మేం ఎదురు చూసింది దానికోసమే. వాళ్ళ దేశంలో రగ్బీ ఆడినవాళ్ళు. అందులో ఒకణ్ణి మేం లారీ అనేవాళ్ళం. పద్నాలుగేళ్ళకే వాడికి మీసం ఉండేది, ఆ మీసం బరువే మా ఇద్దరంత ఉండేది.

మొదటి భాగంలో మావాళ్ళవి రెండు ముక్కులు, వాళ్ళది ఒక మోచెయ్యి పోయాయి. రెండో భాగంలో కంపోంగ్ బాతు ఒకటి పోయింది. మూడో భాగంలో అసలు బంతి ఎవరి దగ్గరుందో ఇరవై నిమిషాలు ఎవరికీ తెలియలేదు, ఎవరూ అడగలేదు కూడా. పిడికిళ్ళు, మోకాళ్ళు, పళ్ళు, అన్నీ పనిలో ఉన్నాయి. దొర విజిలు ఊదుతూనే ఉన్నాడు. ఆ మైదానం మట్టి మామూలుగానే ఎరుపు కాబట్టి ఎవరి నెత్తురు ఎంతో తేలలేదు.

చివరి భాగానికి నావి పది మార్కులు. దొర తాతను దాటేశాను. అప్పుడు బంతి ఆకాశంలోకి లేచింది. దాని కింద లారీ చేతులు చాపి నిలబడ్డాడు. నేను పరిగెత్తాను. ఒక మోకాలు వాడి నడుము మీద, ఇంకోటి భుజం మీద. ఆ పైనుంచి నాకు జొహోర్ కనిపించింది, కట్ట మీద లారీలు కనిపించాయి, మైదానం అంచున గొడుగుతో నాన్న, వెనకే టిఫిను క్యారియరుతో అమ్మ కనిపించారు. బంతి వచ్చి గుండెకు హత్తుకుంది. పదకొండు.

లారీ నా చీలమండ పట్టుకుని నన్ను తడిబట్ట ఉతికినట్టు నేలకేసి కొట్టాడు. ఎండిన కొబ్బరిమట్ట విరిగినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు నాలోంచే వచ్చిందని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

తర్వాత జరిగింది పడుకుని చూశాను. డెబ్బై ఎనిమిదేళ్ళ దొర తాత మైదానం సగం దూరం పరిగెత్తుకొచ్చి లారీ కాలరు పట్టుకుని పిడికిలి ఎత్తాడు. పిడికిలి వాడి దవడ దాకా వచ్చి ఆగిపోయింది. తన పిడికిలిని తనే ఎవరిదో చూసినట్టు చూస్తూ నిలబడిపోయాడు. అలా నిలబడ్డవాణ్ణి, జీవితంలో ఈగను కూడా తోలని మా నాన్న, గొడుగుతో నెత్తి మీద రెండు కొట్టాడు. అమ్మ నాలుగు గిన్నెల క్యారియరును గిరగిరా తిప్పి లారీకి వేసింది. వాడు చేపల పులుసులో పడ్డాడు.

అమ్మ నా మీదికి వంగి అడిగింది. "ఇయ్యేటే లెక్కలు?"

మర్నాడు మధ్యాహ్నం నా భుజానికి కట్టు ఉంది. టేబులు మీద మేనత్తకు ఉత్తరం ఉంది. అమ్మ చెబితే నాన్న రాసి ఆదివారం డ్యూటీకి వెళ్ళాడు. చిరునామా రాయడం ఒక్కటే మిగిలింది. అప్పుడు తలుపు దగ్గర దొర తాత కనిపించాడు. ఎన్నేళ్ళ కిందటిదో నల్ల కోటు, నెత్తి మీద గొడుగు దెబ్బకు కట్టిన బొప్పి.

అమ్మ కుర్చీ చూపించింది. నా వైపు తిరిగింది. "ఆయనేటంటే అదే సెప్పు. ఒక్క ముక్క మార్చేవో, ఆ రెండో పక్క ఎముక నేను ఇరుస్తాను."

"ఈ పిల్లకు నేను ఒక్క లెక్క కూడా నేర్పలేదు," అన్నాడు ఆయన. "నాకు రావు."

నేను ఆగాను. ఉత్తరం బెత్తెడు దూరంలో ఉంది. ఇంకొన్నాళ్ళు వ్యవధి ఇస్తే తప్పకుండా పాసవుతుందట అని ఒక్క ముక్క చాలు. అమ్మకు తెలిసే దారి లేదు. ఆయనకు తెలిసే దారి అసలే లేదు. నేను ఏం చెప్పాలా అని చూస్తుండగానే ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు.

"నేను కొట్టింది ఆరుగుర్ని కాదు. ఒకణ్ణి. వెనక నుంచి కొట్టాను. దవడ విరిగింది. విచారణలో నేను తాకనే లేదని చెప్పాను. అతని దవడకు తీగ కట్టారు, నోరు తెరవలేడు. అందుకని నా మాటే నిలిచింది. నన్నెవరూ ఆడొద్దనలేదు. మళ్ళీ శనివారం ఆటకు దిగాను. బంతి పైకి లేచింది. నేను లేవలేదు. తర్వాతి శనివారమూ అంతే. అప్పుడు ఓడెక్కాను. నిన్న ఆ పిల్లాడి మీద చెయ్యెత్తాను. మీరు చూశారు. అందుకే చెబుదామని వచ్చాను."

గుర్రం లేదు. తొమ్మిదిమంది లేరు. ఒక్కడు. ఆయన నోట అంత చిన్న అంకె నేనెప్పుడూ వినలేదు.

నేను మొదటి నుంచి చెప్పాను. లెక్కలు రావన్నది, దవడ, తీగ, శనివారం, ఒక్క ముక్క మార్చకుండా. చివర్లో, ఆయన చెప్పకపోయినా, మార్కులంటే ఏమిటో కూడా చెప్పాను. అట్లకాడ కోసం చూశాను. అమ్మ కదల్లేదు.

"ఈయన ఎందాక సదివేడు?"

అడిగాను. "పదకొండో ఏడు దాకా," అన్నాడు.

"భాగారం రాదా?"

"రాదట."

అమ్మ ఆయన చేతుల వైపు కాసేపు చూసింది. తోళ్ళ సున్నం తిన్న వేళ్ళు. ఉత్తరం తీసి బియ్యం డబ్బా కింద పెట్టింది. "ఇది ఇక్కడే ఉంటాది. పరీచ్చకి ఆరు వారాలుంది. నాకు భాగారం వొచ్చు. నీకు సెప్తే బుర్రకెక్కదు, ఆయనకి సెప్తాను. నువ్వు ఇంగ్లీసులో సెప్పు. ఆయనకి తప్పొచ్చిందంటే నువ్వు తప్పు సెప్పినట్టు. ఆయన్ని రేపు రమ్మను."

ఆయన వచ్చాడు. రోజూ వచ్చాడు. ఒకవైపు అమ్మ, ఒకవైపు దొర, మధ్యలో ఎర్ర పెన్సిలు, అట్లకాడ. తప్పు వచ్చినప్పుడల్లా అమ్మ టేబులు మీద అట్లకాడతో ఒకటి వేసేది. టోపీ సూదులకు వెరవని మనిషి కుర్చీలోంచి అడుగు ఎగిరేవాడు. మొదటి రోజు ఆయనకు పదికి రెండు వచ్చాయి.

"ఎంత చెత్తగా ఆడిన రోజైనా నాకు రెండే మార్కులు ఎప్పుడూ రాలేదు," అన్నాడు.

అమ్మకు చెప్పాను. "ఇక్కడ ఎగిరితే రావని సెప్పు," అంది.

నా బాధ ఏమిటంటే, అర్థం కానిదాన్ని అనువాదం చేయలేం. అంకెను దించడమంటే ఏమిటో నాకే తెలియదు. చివరికి, "పక్కన పరిగెత్తేవాణ్ణి పట్టుకుని కింద పడెయ్యండి," అన్నాను. ఆయన వెంటనే పడేశాడు. అలా నాలుగు రోజులు అంకెలను పడేస్తూ పోయాం. అయిదో రోజు అమ్మ కాగితం మీద నలభై ఏడు వేసి, ఆరుతో భాగించమంది.

దొర పెన్సిలు కూడా ఎత్తలేదు. "ఏడు గోల్స్, ఐదు ఒకట్లు," అన్నాడు.

"ఏటంటన్నాడు?"

ఏడాది పాటు గోల్స్‌ను ఆరుతో హెచ్చవేసి ఒకట్లు కలుపుతూ వచ్చినదాన్ని. దాన్నే వెనక్కి నడిపిస్తే భాగహారం. నా బుర్రలో ఏళ్ళ తరబడి మూసి ఉన్న తలుపును ఎవరో బూటుకాలితో తన్నారు.

"ఏడు అమ్మా," అన్నాను. "శేషం ఐదు."

అమ్మ వేళ్ళ మీద చూసుకుంది. మళ్ళీ చూసుకుంది. యాభై ఆరు వేసింది. తొమ్మిది, శేషం రెండు. ముప్పై ఐదు వేసింది. ఐదు, శేషం ఐదు అన్నాడు దొర. అదే ముప్పై ఐదును మేం నాలుగు గోల్స్, పదకొండు ఒకట్లుగా రాసుకున్నామే అని నేను అడ్డం పడ్డాను. ఆ పదకొండులో ఇంకో ఆరుంది గదా అని అమ్మ, ఒకట్లు ఎన్ని పోగైనా గోలు కాదని దొర, ఇద్దరూ నా మీదుగా పెద్దగా పోట్లాడుకున్నారు. ఆ అరగంటలో శేషమంటే ఏమిటో నాకు ఎముకల్లోకి దిగింది. ఏడుతో, పదమూడుతో భాగహారాలను కూడా ఆ తర్వాతి వారాల్లో ఒక్కొక్కటే పడేశాం.

ఫలితాలు వచ్చిన రోజు లెక్కల్లో పాసయ్యాను. గొప్పగా ఏమీ కాదు. వీపు గీసుకుంటూ బయటపడ్డాను. అమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నాన్నతో చదివించుకుని, బియ్యం డబ్బా ఎత్తి ఉత్తరం తీసింది. దాన్ని పొట్లంగా చుట్టి వేపిన వేరుశనగ పప్పులు పోసింది. గొడుగు తీసుకుంది. నేనూ వస్తానన్నాను.

"నువ్వెందుకు? పొయ్యి మీద పాలున్నాయి, సూడు," అని ఒక్కతే మెట్లు దిగిపోయింది.

ఆ మైదానం ఇప్పుడు లేదు. కంపోంగ్ లేదు, పందుల దొడ్డి లేదు. దొర తాత మరుసటేడు వానల్లో నిద్రలోనే పోయాడు. అన్ని దెబ్బలు తిన్న మనిషి అంత మెత్తగా పోవడం మా ఎవరికీ నచ్చలేదు. అమ్మ ఆ రోజు ఆయనతో ఏం మాట్లాడిందని ఎన్నిసార్లు అడిగినా, "ఏటి మాటాడతాను, నాకు ఆ బాస వొచ్చేటి?" అనేది.

నేను చూసింది ఇంతే. పాలు వదిలేసి కారిడారు గోడ పట్టుకుని నిలబడ్డాను. మైదానం మధ్య ఇద్దరూ పప్పులు తింటున్నారు. అమ్మ ఏదో చెబుతోంది, ఆయన ఏదో చెబుతున్నాడు, ఎవరూ ఎవరికోసమూ ఆగడం లేదు. ఉన్నట్టుండి అమ్మ గొడుగు పైకెత్తింది. కొడుతోందనుకున్నాను. కాదు, గొడుగు కింద పెట్టింది. దొర తాత వంగి, చేతులు మోకాళ్ళ మీద ఆనించి, తన వీపు మీద ఒక చోటు వేలితో చూపించాడు. అమ్మ చుట్టూ చూసింది. ఎవరూ లేరు. చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుముకు దోపింది. ఆయన వీపు జోలికి పోలేదు. పక్కనే నిలబడి, రెండు చేతులూ ఆకాశంలోకి చాపి, ఎగిరింది.

బెత్తెడు. అంతకంటే ఒక్క వేలు కూడా ఎక్కువ లేదు.